ఆలుగడ్డ ముక్కలు, నల్లబల్ల పాఠం: తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో రెండు బోధనా పద్ధతుల పోలిక – ప్రాజెక్టు డైరీ

జూన్: ప్రశ్నను కుదించడం

బోధనా పద్ధతికీ మార్కులకూ ఉన్న సంబంధం మీద బీఎడ్, ఎంఎడ్ ప్రాజెక్టులు ఏటా వస్తూనే ఉంటాయి. చాలావాటి నమూనా ఒకటే. ఒక సెక్షన్‌కు ఉపన్యాసం, ఇంకో సెక్షన్‌కు కృత్యాలు, చివర ఒక పరీక్ష, రెండు సగటుల తేడాను తూచే ఒక టీ-టెస్ట్. కృత్యాల సెక్షన్‌కు రెండు మార్కులు ఎక్కువ వస్తే ఆ పద్ధతి మేలని తేల్చేస్తారు. ఆ రెండు మార్కులు పద్ధతి వల్ల వచ్చాయా, టీచరు వల్లనా, సెక్షన్ వల్లనా, ప్రశ్నపత్రం వల్లనా అన్నది మాత్రం తేలదు. ఈ నాలుగింటినీ వీలైనంత విడదీయడమే ఈ ప్రాజెక్టు పని.

పదో తరగతిని తీసుకోలేదు. అక్కడ బోర్డు పరీక్ష ఒత్తిడి, ఉదయం సాయంత్రం స్పెషల్ క్లాసులు, గైడ్లు అన్నీ కలిసిపోయి ఏ పద్ధతి ప్రభావం ఎంతో తెలియదు. తొమ్మిదిలో రెండు పాఠాలు ఎంచుకున్నాం. ఒకటి వృక్ష కణజాలాలు, రెండోది ప్లాస్మాత్వచం (కణం చుట్టూ ఉండే పలచని పొర) గుండా పదార్థాల కదలిక, అంటే వ్యాపనం (పదార్థం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకడం), ద్రవాభిసరణం (పొర గుండా నీరు ఉప్పులాంటివి ఎక్కువున్న వైపుకు పోవడం). రెండింటికీ ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రెండింట్లోనూ పిల్లల్లో పాతుకుపోయిన పొరపాటు ఊహలు చాలా ఉన్నాయి.

పద్ధతులు రెండే. మొదటిది ఉపన్యాసం, నల్లబల్ల బొమ్మలు, టీచరు చేసి చూపే ప్రదర్శన. రెండోది ఊహించు–పరిశీలించు–వివరించు. వైట్, గన్‌స్టోన్ 1992లో వివరంగా రాసిన పద్ధతి ఇది. ఏం జరుగుతుందో పిల్లలు ముందే కారణంతో సహా రాస్తారు, తర్వాత చేసి చూస్తారు, ఊహకూ చూసినదానికీ తేడా ఉంటే ఎందుకో మళ్లీ రాస్తారు.

ఉపన్యాసపు సెక్షన్‌ను కావాలని బలహీనం చేయకూడదని మొదటి రోజే రాసుకున్నాం. అక్కడా మంచి బొమ్మ ఉండాలి, ప్రశ్నలు ఉండాలి, అదే ఆలుగడ్డ ముక్కను టీచరు బల్ల మీద చూపాలి. మంచి కృత్యాన్ని చెడ్డ ఉపన్యాసంతో పోలిస్తే ఏ పద్ధతి గురించీ ఏమీ తెలియదు.

సెక్షన్ల అమరిక

వరంగల్ జిల్లాలో పత్తి, వరి, మక్కజొన్న పండే పల్లెల మధ్య ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఇది. తొమ్మిదికి రెండు సెక్షన్లు, ఒక్కోదాంట్లో నలభై మంది లెక్క. లాటరీ తీసి పిల్లల్ని కొత్తగా కలపడం బడిలో కుదరదు. టైంటేబుల్ ఒప్పుకోదు, హెడ్మాస్టరూ ఒప్పుకోరు. ఉన్న సెక్షన్లనే తీసుకోవాలి. అందుకే పాఠానికి ముందు పెట్టే పూర్వ పరీక్ష తప్పనిసరి.

సెక్షన్లు ఎలా చేశారో ముందు అడగాలి. కొన్ని బడుల్లో ఎనిమిదో తరగతి మార్కులను బట్టి పై పిల్లల్ని ఒక సెక్షన్‌లో వేస్తారు. ఒకటి తెలుగు మీడియం, ఒకటి ఇంగ్లీషు మీడియం అయితే అసలు పోల్చకూడదు. 2022–23లో ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చయ్యాయి. మేమూ ప్రశ్నపత్రాన్ని అలాగే రెండు భాషల్లో పక్కపక్కన పెట్టాం. లేకపోతే జీవశాస్త్రం బదులు భాషను కొలిచినట్టవుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు టీచరు. ఒక సెక్షన్ ఒకరు, ఇంకోటి మరొకరు చెబితే పద్ధతినీ మనిషినీ ఏ గణితమూ విడదీయలేదు. ఒకే టీచరు రెండూ చెబితే ఇంకో చిక్కు: తనకు ఇష్టమైన పద్ధతిలో ఉత్సాహంగా చెబుతారు. దీనికి మేం ఎంచుకున్న మార్గం మార్పిడి. కణజాలాల పాఠానికి ‘అ’ సెక్షన్ కృత్యాలతో, ‘ఆ’ సెక్షన్ ఉపన్యాసంతో నేర్చుకుంటాయి. ద్రవాభిసరణానికి తిరగేస్తాం. టీచరు ఒకరే. తెలివైన సెక్షన్ ఏదైనా ఉంటే అది రెండు పాఠాల్లోనూ ముందే ఉంటుంది, పద్ధతి ప్రభావం మాత్రం సెక్షన్‌తో పాటు కాక పద్ధతితో పాటు కదులుతుంది. ఏ సెక్షన్ పిల్లలకూ నష్టం జరగదు. తల్లిదండ్రులకు ఇచ్చిన అంగీకార పత్రంలో ఈ మాటే రాశాం.

మార్పిడిలో ఒక పాఠం ఇంకో పాఠంలోకి కారుతుంది. రియో ఆకు పొర ఇందుకు సరైన ఉదాహరణ. ఊదారంగు అడుగు ఉన్న ఈ ఆకు కణజాలాల్లో పత్రరంధ్రాలకూ వాడతారు, ద్రవాభిసరణంలో కణం ముడుచుకోవడం చూడటానికీ వాడతారు. ‘అ’ సెక్షన్ ఆగస్టులోనే దాన్ని చేత్తో వలిచి చూస్తే సెప్టెంబరు ఉపన్యాసంలో ఆ జ్ఞాపకం పనిచేస్తుంది. అందుకని కణజాలాల పాఠంలో రియోను తీసేసి మనీప్లాంట్ ఆకు అచ్చు పెట్టాం. ఆకు అడుగున రంగులేని గోళ్లరంగు పలచగా పూసి, పూర్తిగా ఆరాక సెల్లోటేపుతో లేపి స్లైడుకు అంటించాలి. తడి ఆరకముందే లేపితే అచ్చు చిరుగుతుంది. జామ ఆకు అడుగున నూగు ఉంటుంది కాబట్టి అచ్చు సరిగా రాదు.

జూలై: ప్రశ్నపత్రం

ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే, తీసుకోవాల్సిందీ ఇదే. బడి సాధనా పరీక్షల్లో నిర్వచనాలు, పేర్లు ఎక్కువ. అలాంటి పరీక్షలో రెండు పద్ధతుల మధ్య తేడా రాకపోవడం సహజం, ఎందుకంటే నిర్వచనం కంఠస్థం చేయించడంలో ఉపన్యాసానికి లోటేమీ లేదు. పద్ధతి తేడా కనిపించాల్సిన చోట ప్రశ్న ఉండాలి. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లోని విద్యా ప్రమాణాల్లో విషయావగాహన ఒక్కటే కాదు. ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు కూడా ఉన్నాయి. పరీక్ష మాత్రం మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది.

పాఠానికి 30 ప్రశ్నలు, 30 మార్కులు. గుర్తుంచుకోవడానికి 8, అర్థం చేసుకోవడానికి 10, కొత్త సందర్భంలో వాడటానికి 12. మూడు భాగాల మార్కులూ వేర్వేరుగా నమోదు చేస్తాం. మొత్తం మార్కు ఒక్కటే రాసుకుంటే చూడాల్సిన విషయమే దాక్కుంటుంది.

అర్థం చేసుకోవడానికి పెట్టిన పది ప్రశ్నలూ రెండు మెట్ల ప్రశ్నలు. 1987లో హస్లామ్, ట్రెగస్ట్ కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మీద ఈ తరహా పరీక్ష తయారుచేశారు. మా పత్రంలోది ఒకటి:

ఆలుగడ్డ ముక్కను 5 శాతం ఉప్పునీటిలో రెండు గంటలు ఉంచితే దాని బరువు – (అ) పెరుగుతుంది (ఆ) తగ్గుతుంది (ఇ) మారదు.
ఎందుకంటే – (1) ఉప్పు గడ్డలోకి చేరింది (2) గడ్డలోని పిండి నీటిలో కరిగిపోయింది (3) గడ్డలోని నీరు బయటికి వచ్చింది (4) చుట్టూ ఉన్న నీరు గడ్డలోకి పోయింది.

రెండూ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు. మామూలు నాలుగు ఎంపికల ప్రశ్నలో గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇక్కడ అది పన్నెండింట ఒక వంతే. పైగా తప్పు జవాబు కూడా పనికొస్తుంది. (అ)తో పాటు (1) పెట్టిన పిల్ల ఉప్పు కదులుతుందనుకుంటోంది, (ఆ)తో పాటు (2) పెట్టిన పిల్లవాడు ఫలితం తెలిసినా కారణం తెలియక ఉన్నాడు. ఇద్దరికీ సున్నానే, చెప్పాల్సింది మాత్రం వేరు.

వినియోగం ప్రశ్నల్లో ‘ద్రవాభిసరణం’ అన్న మాట ఎక్కడా రాకుండా చూశాం. మాట కనిపిస్తే పిల్లలు దానికి జత కలుపుతారు, ఆలోచించరు. సందర్భాలు ఊళ్లోవే. మొక్క మొదట్లో గుప్పెడు యూరియా పడితే తెల్లారేసరికి ఆకు ఎందుకు వాడుతుంది? మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపిపెడితే తొక్కులోకి ఊట ఎక్కడిది? వాటర్ ప్లాంటులో నీటిని పొర గుండా తోయడానికి మోటారు ఎందుకు, దానంతటదే వెళ్లదా? ఈ చివరిది గట్టి ప్రశ్న. ఆర్వో ప్లాంటులో నీరు ఉప్పు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పోవాలి, అంటే తన సహజ దారికి ఎదురు. ద్రవాభిసరణ పీడనం కంటే ఎక్కువ ఒత్తిడి పెడితేనే కదులుతుంది.

రాత్రి నానబెట్టిన శనగలు ఉబ్బడం మీద ఒక ప్రశ్న పెట్టి తీసేశాం. ఎండుగింజ నీరు పీల్చడంలో మొదట పనిచేసేది ప్రధానంగా నిపానం, అంటే గింజలోని పిండి, ప్రొటీన్లు, కణకవచాలు నీటిని పట్టుకోవడం. దాన్ని ద్రవాభిసరణానికి ఉదాహరణగా చెప్పడం తరగతుల్లో అలవాటైపోయింది. అలాంటి ప్రశ్నకు బాగా తెలిసిన పిల్లలే ‘తప్పు’ జవాబు రాస్తారు.

ప్రశ్నల వడపోత ఇంకో బడిలో. నిరుడు ఈ పాఠాలు చదివిన పదో తరగతి పిల్లలు 60 మందికి ఇచ్చాం. జవాబు పత్రాలను మార్కుల వరసలో పేర్చి పైన 27 శాతం, కింద 27 శాతం, అంటే పదహారేసి పత్రాలు తీసుకోవాలి. ఈ 27 శాతం కొలత కెల్లీ 1939లో ఇచ్చింది. లెక్క ఇలా: ఒక ప్రశ్నకు పై 16 మందిలో 12, కింది 16 మందిలో 5 సరిగ్గా రాశారనుకుందాం. కాఠిన్యతా సూచిక, అంటే ఎంత వంతు మంది సరిగ్గా రాశారన్నది, (12+5)÷32 = 0.53. విచక్షణా సూచిక, అంటే బాగా తెలిసినవారినీ తెలియనివారినీ ప్రశ్న ఎంత విడదీసిందన్నది, (12−5)÷16 = 0.44. మొదటిది 0.3–0.7 మధ్య, రెండోది కనీసం 0.3 ఉన్నవి ఉంచాం. 0.2–0.3 మధ్యవి తిరగరాశాం. విచక్షణ రుణాత్మకంగా వస్తే ప్రశ్నను తిట్టుకునే ముందు జవాబుల పట్టీ చూడాలి. చాలాసార్లు పట్టీలోనే తప్పు అక్షరం ఉంటుంది, లేదా రెండు ఎంపికలూ సరైనవే అయి ఉంటాయి. ‘పైవన్నీ’ అన్న ఎంపిక, మిగతావాటికంటే పొడవైన సరైన జవాబు – ఈ రెండూ విచక్షణను చంపుతాయి.

విశ్వసనీయతకు, అంటే పరీక్ష మార్కులు ఎంత నిలకడైనవో చూడటానికి, కూడర్–రిచర్డ్సన్ 20వ సూత్రం. ఉదాహరణకు 30 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు సరి–తప్పు నిష్పత్తుల లబ్ధాల మొత్తం 6.2, మార్కుల విస్తృతి (సగటు చుట్టూ మార్కుల చెదురుకు కొలత) 24 అయితే (30÷29)×(1−6.2÷24) = 0.77. తరగతుల్ని పోల్చడానికి 0.7 పైన ఉంటే చాలు. ఒక్కో పిల్లవాడి మీద నిర్ణయం తీసుకోవడానికి అది చాలదు.

ఆగస్టు: వృక్ష కణజాలాలు

పాఠానికి ఎనిమిది పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, రెండు సెక్షన్లకూ సమానం. ఈ సమానతే చాలా ప్రాజెక్టుల్లో జారిపోతుంది. కృత్యాలు పూర్తికాక రెండు పీరియడ్లు ఎక్కువ తీసుకుంటారు, తర్వాత ఆ లాభాన్ని పద్ధతి ఖాతాలో వేస్తారు. మేం ఎనిమిదో పీరియడ్‌తో ఆపేశాం, మిగిలిపోయింది మిగిలిపోయింది.

ఉల్లి పొర, ఉల్లి వేరు కొన, పొద్దుతిరుగుడు లేత కాండం, మక్కజొన్న కాండం అడ్డుకోతలు. వేళ్ల కోసం ఉల్లిగడ్డను గ్లాసు మూతి మీద, అడుగు నీటిని తాకీతాకనట్టు పెట్టాలి. అడుగంతా మునిగితే కుళ్లుతుంది. రోజూ నీరు మార్చాలి. కాండాన్ని ఆలుగడ్డ ముక్కలో గుచ్చి, రెండూ కలిపి కోస్తే పలచని కోత వస్తుంది. బ్లేడును సగం విరిచి, విరిచిన వైపు ప్లాస్టర్ చుట్టి ఇవ్వాలి. కోసేటప్పుడు బ్లేడు, గడ్డ రెండూ తడిగా ఉండాలి. నిండు గుండ్రం కోత కోసం పిల్లలు పట్టుబడతారు, అది మందంగా వచ్చి మైక్రోస్కోపు కింద నల్లగా కనిపిస్తుంది. అంచు నుంచి తీసిన పలచని ముక్క చాలు. సాఫ్రనిన్ రెండు మూడు చుక్కలు, రెండు నిమిషాలు, తర్వాత నీటితో కడగాలి. కడగకపోతే అంతా ఎర్రగా ఉండి నీటిని మోసే దారువు ఏదో మిగతా కణాలు ఏవో తెలియదు.

ఈ పాఠంలో పద్ధతికి అసలు అడ్డంకి మైక్రోస్కోపుల సంఖ్య. ఎనిమిది జట్లకు ఒకటో రెండో ఉంటే పిల్లలు చేసేది కృత్యం కాదు, వరసలో నిలబడటం. అందుకే జట్లను రెండుగా చీల్చాం. నాలుగు జట్లు కోతలు, రంగు వేయడం. మిగతా నాలుగు ముందే చేసిన స్లైడులు చూసి బొమ్మ గీయడం. సగం పీరియడ్‌కు మార్చుకోవడం.

పరిశీలన పత్రం

వెనక బెంచీలో ఒక పరిశీలకురాలు ప్రతి రెండు నిమిషాలకోసారి తరగతిలో ఎక్కువమంది ఏం చేస్తున్నారో ఒక గుర్తు పెడతారు: వింటున్నారు, రాసుకుంటున్నారు, చేత్తో చేస్తున్నారు, తమలో తాము విషయం మాట్లాడుకుంటున్నారు, ఖాళీగా ఉన్నారు. పీరియడ్‌కు 22 గుర్తులు. రెండు సెక్షన్లకూ ఇదే పత్రం.

మా దృష్టిలో ప్రాజెక్టులో అతి విలువైన కాగితం ఇదే. పద్ధతి పేరు పాఠ్యప్రణాళికలో ఉంటుంది, పద్ధతి మాత్రం ఈ 22 గుర్తుల్లో ఉంటుంది. ‘కృత్యాధార బోధన’ అని రాసిన పీరియడ్‌లో సగం గుర్తులు ‘ఖాళీ’ దగ్గర పడితే ఆ మార్కుల్ని కృత్యాధార బోధనకు లెక్కగట్టడం అన్యాయం. ఐదుగురి జట్టులో ఇద్దరు చేస్తారు, ఒకరు రాస్తారు, ఇద్దరు చూస్తారు. ఆడపిల్లల చేతికి తరచూ నోట్‌బుక్కే వస్తుంది, బ్లేడు రాదు. దీనికి జట్టులో ఐదు పనులు పెట్టి, పీరియడ్ పీరియడ్‌కూ పనులు తిప్పుతున్నాం. ఎవరి పని ఏదో గోడ మీద పట్టిక ఉంది.

సెప్టెంబరు: ద్రవాభిసరణం

ఇప్పుడు కృత్యాలు ‘ఆ’ సెక్షన్‌కు.

వ్యాపనం త్వరగా అయిపోతుంది. పొటాషియం పర్మాంగనేట్ ఒక్క రవ్వ చాలు. నీటి పైనుంచి పడేస్తే ఊదా చారలు కిందికి జారతాయి, పిల్లలు దాన్నే వ్యాపనం అనుకుంటారు. నిజానికి అది బరువుకు దిగడం. పళ్లెంలో ముందు రవ్వ పెట్టి, పక్కనుంచి నీరు నెమ్మదిగా పోయాలి. ఫ్యాను ఆపాలి. గోరువెచ్చటి నీరు, కుండ నీరు పక్కపక్కన పెడితే వేగం తేడా కళ్లకు కడుతుంది.

ఆలుగడ్డ ప్రయోగానికి కొలతలు ఇవి. ఎనిమిది జట్లు, జట్టుకు ఐదు ముక్కలు, మొత్తం నలభై. ముక్క 4 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు, 1 సెం.మీ. మందం; సుమారు 4 గ్రాములు తూగుతుంది. ఒక జట్టు ముక్కలన్నీ ఒకే గడ్డవి కావాలి. కాబట్టి పెద్ద గడ్డలు ఎనిమిది, కిలోన్నర కొనాలి. పొట్టు ముక్క మీద కొంచెం కూడా మిగలకూడదు, అది నీటిని ఆపుతుంది. ఉప్పు ద్రావణాలు 0, 0.5, 1, 2, 5 శాతం. జట్టుకు 50 మి.లీ. చొప్పున ఒక్కోటి 400 మి.లీ. కావాలి, 500 మి.లీ. చేసుకుంటే సరిపోతుంది. ఉప్పు వరసగా 2.5, 5, 10, 25 గ్రాములు. ముందు కొద్ది నీటిలో ఉప్పు కరిగించి, తర్వాత 500 గీత దాకా నీరు పోయాలి. అరలీటరు నీరు కొలిచి అందులో ఉప్పు వేస్తే గాఢత తగ్గుతుంది.

తూకం 0.01 గ్రాము దాకా చూపాలి. కంసాలి వాడే చిన్న డిజిటల్ తూకం చాలు. కిరాణా తూకం పనికిరాదు, ఎందుకంటే చూడాల్సిన మార్పు గ్రాములో పదో వంతుల్లోనే ఉంటుంది. ముక్కను తీశాక తుడిచే తీరే అసలు ప్రమాదం. ఒకరు గట్టిగా అద్ది, ఇంకొకరు తడిగానే పెడితే ఆ తేడాయే ఫలితాన్ని మింగేస్తుంది. పాత దినపత్రిక మీద నాలుగు వైపులా ఒక్కోసారి దొర్లించి, చివరలు ఒక్కోసారి తాకించి తూచాలి. నలభై ముక్కలకూ ఇదే.

ఒక్క పీరియడ్‌లో ఇది పట్టదు. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్‌లో ఊహ రాసి, తూచి, నీటిలో వేసి, భోజనం తర్వాతి పీరియడ్‌లో మళ్లీ తూస్తే గంటన్నర దాకా నానుతుంది. ఊహను పెన్నుతోనే రాయించాలి. పెన్సిలైతే ఫలితం చూశాక ఊహ మారిపోతుంది, పద్ధతి ప్రాణం అక్కడే పోతుంది. ఊహ ఎవరికి వారు రాయాలి, గిన్నెలు పంచకముందే రాయాలి.

బరువు మార్పును గ్రాముల్లో కాక శాతంలో లెక్కించాలి, ముక్కలు సరిగ్గా సమానంగా రావు కాబట్టి. ఎనిమిది జట్ల సగటును నల్లబల్ల మీద గ్రాఫుగా గీస్తే గీత సున్నాను 1 శాతం దగ్గర్లో ఎక్కడో దాటుతుంది. గడ్డ పాతబడి వాడితే ఆ చోటు జరుగుతుంది. దాటే చోట నీరు లోపలికీ బయటికీ సమానంగా పోతోందన్నది పిల్లలకు కష్టమైన భావన. ‘అక్కడ కదలిక ఆగిపోయింది’ అంటారు. వివరించు దశకు ఇచ్చిన సమయంలో సగం ఇక్కడే గడపాలని టీచరు ప్రణాళికలో రాశాం. 5 శాతంలోని ముక్కను రెండు వేళ్లతో వంచమంటే మెత్తగా వంగుతుంది, నీటిలోది గట్టిగా నిలుస్తుంది. తూకం చెప్పలేనిది ఇది చెబుతుంది.

ఉపన్యాసం సెక్షన్‌లో టీచరు రెండు ముక్కలతో ఇదే చూపి, గ్రాఫు తానే గీశారు. సమాచారం రెండు సెక్షన్లకూ ఒకటే. తేడా ఊహ ఎవరు రాశారు, గీత ఎవరు గీశారు అన్నదాంట్లోనే ఉంది.

లెక్కల పద్ధతి

దిద్దేవారికి సెక్షన్ తెలియకూడదు. రోల్ నంబరు చోట ఒక కోడు వేసి, రెండు సెక్షన్ల పత్రాలు కలిపేశాం. కోడు జాబితా ఇంకొకరి దగ్గర ఉంది.

పూర్వ పరీక్ష మార్కును సహచరరాశిగా తీసుకుని అన్‌కోవా చేస్తాం, అంటే మొదట ఉన్న మార్కుల తేడాను సర్దుబాటు చేసి చివరి సగటులను పోలుస్తాం. దానికి ముందు రెండు సెక్షన్లలో పూర్వ–ఉత్తర (పాఠానికి ముందు, తర్వాత వచ్చిన) మార్కుల గీతల వాలు దాదాపు ఒకటేనా అని చూడాలి. వాలు వేరైతే పద్ధతి కొందరికే పనిచేసిందని అర్థం, అప్పుడు ఒకే సగటు చెప్పడం తప్పుదారి. 1998లో హేక్ వాడిన సాధారణీకృత లాభం, అంటే పెరగడానికి మిగిలి ఉన్నదాంట్లో ఎంత వంతు పెరిగిందన్నది, కూడా రాస్తాం: సగటు 40 శాతం నుంచి 70కి పెరిగితే 30÷60 = 0.5. ఇది తరగతి సగటుకే వాడాలి. 90 నుంచి 85కు తగ్గిన ఒక్క పిల్లవాడికి అర్థంలేని రుణసంఖ్య వస్తుంది.

2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి, విద్యార్థుల్ని పనిచేయించే బోధనలో పరీక్ష ఫలితాలు 0.47 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) మేర మెరుగయ్యాయని చూపింది. అవి డిగ్రీ స్థాయి తరగతులు. తొమ్మిదో తరగతికి అదే అంకె ఆశించడం సరికాదు. రెండే సెక్షన్లు ఉన్నప్పుడు 80 మంది పిల్లలున్నా తరగతులు రెండే. నివేదికలో ఈ వాక్యాన్ని మొదటి పేజీలోనే పెడుతున్నాం.

అక్టోబరు: మిగిలిన పని

ఉత్తర పరీక్షలు బతుకమ్మ, దసరా సెలవులకు ముందే అయ్యాయి. నిలుపుదల పరీక్ష నాలుగు వారాలు గడిచాక, ముందు చెప్పకుండా. చెబితే చదువుకొని వస్తారు, అప్పుడు కొలిచేది నిలిచిందాన్ని కాదు. ప్రశ్నలు అవే, వరస మాత్రం మార్చాం.

ఇప్పుడు పత్తి ఏరడం మొదలైంది, హాజరు పడిపోతుంది. పొలానికి పోయే పిల్లలు ఏ సెక్షన్‌లో ఎక్కువుంటే ఆ సెక్షన్ సగటు వాళ్లు లేకుండా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని రెండు పట్టికలు: ఎనిమిదిలో కనీసం ఆరు పీరియడ్లు ఉన్నవారిది ఒకటి, పూర్వ పరీక్ష రాసిన అందరిదీ ఇంకొకటి. నిలుపుదల పరీక్ష రోజు రానివారికి వారంలోపు వచ్చిన మొదటి రోజే పెట్టి, పత్రం మీద తేదీ వేయాలి. మేడారం జాతర వచ్చే ఏడాది ఈ పాఠాలు జనవరి–ఫిబ్రవరిలోకి జరిగితే పరీక్షకు జాతర వారం తగలకుండా టైంటేబుల్ ముందే చూసుకోవాలి.

కోడు జాబితా తెరిచేది నిలుపుదల పత్రాలు కూడా దిద్దిన తర్వాతే. ఆ తర్వాత మొదట వేసే పట్టిక మొత్తం మార్కులది కాదు. రెండు మెట్ల ప్రశ్నల్లో ఏ తప్పు కారణాన్ని ఏ సెక్షన్‌లో ఎంతమంది ఎంచుకున్నారో చూపేది.